ఖర్దాలా వేసిన ఏడాది

తెతువాన్ జైలు
ఫిబ్రవరి

తామో అక్కకి సలాం.

బతికే ఉన్నాను. చలి ఒక్కటే నా మీద పగబట్టింది. నువ్వు పంపిన దుప్పటి అందింది. దానికి మన మేకల వాసన ఎంత పట్టిందంటే, గదిలో అందరూ నన్ను మేకపోతూ అని పిలుస్తున్నారు. పిలవనీ. వెచ్చగా ఉంది.

ఈ ఉత్తరం తెచ్చిన ముసలావిడకి ముందు ఓ గ్లాసు టీ పొయ్యి. నా గదిలో ఉండే సల్లాం వాళ్ళమ్మ. మీ అవతలి కొండ మనిషే. నెలకోసారి కొడుకుని చూడ్డానికి వస్తుంది. ఇకనుంచి మన ఉత్తరాలు ఆమె రొట్టెల బుట్టలో తిరుగుతాయి. పోస్టులో వేస్తే ఆఫీసువాళ్ళు చదువుతారు, ఫోన్లో మాట్లాడితే వెనకాల నుంచున్నవాడు వింటాడు. గంజాయి పంట మాట అలా ఎత్తలేం కదా.

పోయినేటి పంట ఇంకా కొట్టంలోనే పడి ఉందటగా? వర్తకుడొచ్చి చిటికెడు నలిపి, వాసన చూసి, "బల్దీయా? ఈ నాటు రకం ఇప్పుడు ఎవడు తాగుతున్నాడమ్మా" అని కారెక్కి పోయాడట. ఈ రోజు వస్తుందని నేను ఏనాడో చెప్పాను. విన్నారా?

ఇప్పుడైనా విను. గాడిద కొట్టంలో గడ్డితొట్టి వెనక ఒక రాయి కదులుతుంది. దాని వెనక టీ డబ్బా ఉంది. అందులో ఖర్దాలా విత్తనాలు ఉన్నాయి. పోలీసులకి దొరక్కముందు దాచాను. ఇది మన మొక్క లాంటిది కాదక్కా. ఎక్కడో మంచుకొండల మొక్కనీ ఎండదేశపు మొక్కనీ కలిపి పరాయివాళ్ళు పుట్టించిన సంకరం. పొట్టిగా, గుబురుగా పెరుగుతుంది. ఆకు నీ అరచెయ్యంత వెడల్పు. పువ్వు ముట్టుకుంటే వేళ్ళు అంటుకుపోతాయి. నిమ్మతొక్కా పెట్రోలూ కలిపినట్టు వాసన. జల్లెడ మీద కొడితే బల్దీ ఇచ్చేదానికి మూడింతల పొడి రాలుతుంది. వర్తకులు గుమ్మం ముందు పడుకుంటారు. కింది చేలో వెయ్యండి.

బావకి: బావా, ఆ రాయి కదిపేటప్పుడు గాడిద వెనక కాళ్ళ దగ్గర నుంచోకు. పోయినసారి తన్ను తిని వారం రోజులు బోర్లా పడుకున్నావు.

మీ మీమూన్


అయిన్ లూజ్
మార్చి

ఒరేయ్ మీమూన్,

జైల్లో కూచుని వ్యవసాయం చెప్తున్నావా? చెప్పేవాడికి వినేవాడు లోకువ. నా రాత చూసి నవ్వావంటే ఊరుకోను. మసీదులో ఆడవాళ్ళ బడిలో రెండు చలికాలాలు కూచుని నేర్చుకున్నాను. మీ బావకి ఇది కూడా రాదు.

బల్దీ ఏం పాపం చేసిందిరా నీకు? శీతాకాలం చివర చల్లితే ఆకాశం పోసింది తాగి, ఆగస్టుకి కోతకొస్తుంది. ఎవర్నీ ఏమీ అడగదు. నీ ఖర్దాలా అలా కాదు. మనమంతా గొంతెండి పడుంటే, అది సెప్టెంబరు దాకా రోజూ తాగాలి. పోయినేడు మన పక్కింటి బూజియాన్ వేశాడు. తన వంతు చాలక, పక్కవాళ్ళ నీటి వంతులు కూడా కొనుక్కున్నాడు. సెప్టెంబరులో మన ఊట ఎంత వచ్చిందో తెలుసా? వేలెడు ధార. ఆడవాళ్ళం బిందె పెట్టి, అది నిండేలోపు ఊళ్ళో అందరి కాపరాలూ మాట్లాడేసుకున్నాం.

నా భయం అదొక్కటే. ఈ ఊరి పేరే ఊట పేరు. ఊట పోతే ఊరు పోతుంది. పై ఊరివాళ్ళు ఏమయ్యారు? టాంజియర్ చివర రేకుల కింద పడున్నారు. నేను ఈ ఇల్లు వదిలి పోనురా. చస్తే ఇక్కడే చస్తాను.

ఇంకోటి. దాని మత్తు కూడా మంచిది కాదు. మన పొగ తాగితే మగాళ్ళు గోడ వార కూచుని నాలుగు కబుర్లు చెప్పుకుని, నవ్వుకుని, లేచి పనికిపోతారు. మన హమ్మాదీ తాత, చింత చచ్చినా పులుపు చావని మనిషి, బూజియాన్ దగ్గర అడుక్కుని ఖర్దాలా పొడి గొట్టంలో నింపాడు. రెండు దమ్ములు. ఇక చూడు! గుండె దడదడా కొట్టుకుంటోందని, చేతులు తనవి కావని, ఎవరివో తెచ్చి తగిలించారని ఒకటే గోల. సాయంత్రం దాకా అరుగు మీద పడుకుని, ఇంటికి పోవచ్చా అని తన గాడిదనే అడిగాడు. గాడిద ఒప్పుకోలేదు కాబోలు, అక్కడే ఉన్నాడు. మేం నవ్వాం గానీ, తాత ఆ తర్వాత పది రోజులు మనిషి కాలేదు.

బావ అన్న మాట: "వాడు చెప్పిందాంట్లో తప్పేముందే?" అనేసి రెండ్రోజులు నా మొహం చూళ్ళేదు. పిండి డబ్బాలో అడుగు కనిపిస్తోంది. అది చూసి అన్నాడని నాకు తెలుసు.

తామో


తెతువాన్ జైలు
మార్చి చివర

అక్కా,

పిండి డబ్బా గురించి చివర్న ఒక్క ముక్క రాశావు. నేను ఆ ముక్కే పదిసార్లు చదువుకున్నాను. ఊట ఊట అంటున్నావు, పిండి లేకపోతే ఊట పక్కన కూచుని నీళ్ళు నమలండి. రేకుల కిందికి పోయినవాళ్ళు ఊట పోయి పోలేదు, పంట అమ్ముడుపోక పోయారు.

బావి తవ్వండి. ఊట జోలికి పోవద్దు. కింది చేలో, అంజీరు చెట్టు పక్కన నేల మెత్తగా ఉంటుంది. నా పెట్రోలు ఇంజను బూజియాన్ దగ్గరుంది, తెచ్చుకోండి. వాడు ఇవ్వనంటే నేనొచ్చాక వాడి సంగతి చూస్తానని చెప్పు.

మొక్క సంగతులు బావకి చదివి వినిపించు. మే నెలలో నాటాలి. పువ్వు తొడిగేటప్పుడు పోతు మొక్కల్ని వెతికి పీకెయ్యాలి. ఒక్కటి కూడా మిగలకూడదు. బల్దీలో మనం విత్తనం కోసం పోతుల్ని ఉంచుతాం. ఇందులో ఉంచావా, పెంటి మొక్కలన్నీ గింజ పట్టి బంక తగ్గిపోతుంది. గింజ దాచుకుందామని కూడా చూడొద్దు. దీని పిల్లలు తల్లిలా పుట్టవు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి ఎందుకూ పనికిరాదు. మన కుటుంబం లాగే.

బావకి: బావా, పొడుగు నువ్వు. పొట్టి అక్క. మూడోది ఎవరో అక్కని అడుగు.

మీమూన్


అయిన్ లూజ్
జూన్

మీమూన్,

వేశాం. నీ మాటే గెలిచింది, సంతోషించు. పై గట్టు మీద మాత్రం నేను బల్దీ చల్లుకున్నాను. దాని జోలికి రావద్దని మీ బావకి గట్టిగా చెప్పాను.

బావ, బూజియాన్, ఇంకో ఇద్దరు కలిసి బావి తవ్వారు. నీళ్ళు పడ్డరోజు బావ మట్టి మొహంతో పైకొచ్చి నవ్వాడు చూడూ, పెళ్ళిలో కూడా అంత నవ్వలేదు. మన ఇక్రామ్ బడి నుంచి వచ్చి, నాన్నని చూసి దయ్యం అని పరిగెత్తింది. పదకొండేళ్ళ పిల్ల, ఇప్పటికీ భయమే.

మొక్క అందంగానే ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి. నల్లటి ఆకుపచ్చ. పొద్దున్నే తడిపితే మధ్యాహ్నానికి మళ్ళీ తలలు వాల్చేస్తుంది, ఇంకా పెట్టు అన్నట్టు. బాలింతకి పెట్టినట్టు పెడుతున్నాం. బావ రోజుకి రెండుసార్లు ఇంజను వేస్తాడు. ఆ చప్పుడికి నా తల పగిలిపోతోంది.

ఊట తగ్గుతోంది. ఊరంతా బావులు తవ్వుతున్నారు. నేల కింద అన్నీ ఒకే నీళ్ళు కదరా. నువ్వు ఊట జోలికి పోవద్దన్నావు గానీ, ఊటకి తెలియదుగా ఎవరు దేని జోలికి పోయారో.

బావ అన్న మాట: "మూడోది ఎవరో నాకు తెలుసు, జైల్లో ఉంది." ఇది చెప్పి తనలో తనే సాయంత్రం దాకా నవ్వుకున్నాడు.

తామో


తెతువాన్ జైలు
జూలై, రంజాన్ మధ్యలో

అక్కా,

బావ జోకు గదిలో అందరికీ చదివి వినిపించాను. సల్లాం నవ్వి నవ్వి నా దుప్పటి మీద పడ్డాడు. ఆ మూగమనిషి నోరు తెరిచాడంటే పంట బాగున్నట్టే.

బావిలో నీళ్ళు దిగిపోతున్నాయని సల్లాం వాళ్ళమ్మ చెప్పింది. ఇంజను పైనుంటే అంత లోతు నుంచి లాగలేదు. గాలే మింగుతుంది. కంగారు పడొద్దు. దానికో పద్ధతుంది. బావి గోడలో, నీళ్ళకి కాస్త పైన, మెట్టులా చెక్కి, బలమైన చెక్కలు వేసి, ఇంజనుని తాళ్ళతో దించి దానిమీద కూర్చోబెట్టండి. అక్కడి నుంచి బాగా తోసేస్తుంది. కెతామా వైపు ఊళ్ళల్లో అంతా ఇప్పుడు అలాగే చేస్తున్నారు. నేను కళ్ళారా చూశాను.

ఆగస్టు గండం గడిస్తే చాలక్కా. సెప్టెంబరు చివరికి పువ్వు ముదురుతుంది. మీరు మళ్ళీ ఎవడి గుమ్మం తొక్కక్కర్లేదు. ఇక్రామ్ ని పెద్దబడికి టౌనుకి పంపొచ్చు. నేను ఇక్కడ పడుకుని ఈ లెక్కలే వేసుకుంటున్నాను.

బావకి: బావా, ఇంజనుని దించేటప్పుడు నీ పొట్ట తాడుకి కట్టు. బరువు సరిపోతుంది.

మీమూన్


అయిన్ లూజ్
ఆగస్టు మొదట్లో

మీమూన్,

ఊట ఆగిపోయింది. పండగ వెళ్ళిన నాలుగోనాడు పొద్దున్నే వెళ్తే రాయి తడిగా ఉంది, అంతే. మధ్యాహ్నానికి అదీ ఆరింది. ముసలమ్మలు రాయిని చేత్తో తడిమి ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఇప్పుడు గాడిద మీద వాగుకి పోయి తెచ్చుకుంటున్నాం. ఇక్రామ్ ఆటలు మానేసి నాతో వస్తోంది.

తాగడానికి నీళ్ళు లేవు, ఖర్దాలాకి మాత్రం రెండు పూటలా. మీ బావతో పోట్లాడాను. "ఇన్నాళ్ళు పెంచి ఇప్పుడు ఎండబెడతామా? ఈ ఒక్క కోత అయ్యాక నువ్వు ఏదంటే అదే" అన్నాడు. ఆ మాట మీద నిలబడతాడు, నాకు తెలుసు. కానీ ఒక్క కోత అని అందరూ అంటున్నారు.

నీ ఉత్తరంలోని పద్ధతి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నాడు. ఇంజనుని దించారు. బాగానే తోస్తోంది. ఒక్కటే తేడా. ఇదివరకు పైనే తాడు లాగి వేసేవాడు, ఇప్పుడు ప్రతిసారీ లోపలికి దిగాలి. పైకొచ్చాక తలనొప్పి అంటున్నాడు. ఎండకేమో అని నిమ్మరసం ఇస్తున్నాను. మీ కెతామాలో చేసేవాళ్ళకి తలనొప్పి వస్తుందా? ఎవర్నైనా అడుగు.

బావ అన్న మాట: "పొట్ట కట్టాం, తాడు తెగింది."

తామో


తెతువాన్ జైలు
ఆగస్టు

అక్కా,

ఇది చదవగానే వెళ్ళి ఇంజను ఆపించు. మిగతాది తర్వాత చదువు.

నీ తలనొప్పి మాట గదిలో చదివాను. ఖద్దూర్ అని కొత్తగా వచ్చినవాడు, ఎప్పుడూ మాట్లాడనివాడు, లేచి కూచున్నాడు. "మా అన్న కూడా తలనొప్పి అనేవాడు" అన్నాడు. వాళ్ళూ అలాగే బావిలో దించారట. ఇంజను పొగ బావి దాటి పైకి రాదక్కా. లోపలే నిలబడుతుంది. కంటికి కనపడదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదట. కాళ్ళలో బలం పోయి మనిషి కూచుంటాడు, కూచుని ఇక లేవడు. వాళ్ళన్న అలాగే పోయాడు. కెతామాలో అందరూ చేస్తున్నారు అన్నానే, అందులో ఎంతమంది పోయారో నేను చూళ్ళేదు. బతికినవాళ్ళనే చూశాను.

ఇంజను వేసి ఉన్నప్పుడు గానీ, ఆపిన వెంటనే గానీ ఎవరూ దిగొద్దు. అసలు దిగొద్దు. పంట ఎండిపోతే పోనీ. ఫోన్ చేశాను, మోగి మోగి ఆగిపోయింది. మీరంతా చేలో ఉన్నారేమో, ఇక్కడ రెండోసారి చెయ్యనివ్వలేదు. సల్లాం వాళ్ళమ్మ కాళ్ళు పట్టుకుని, ముందు మీ ఇంటికే పొమ్మని బతిమాలాను.

బావకి: బావా, ఈసారి వేళాకోళం కాదు. దిగకు. నీకు దండం పెడతాను.

మీమూన్


అయిన్ లూజ్
సెప్టెంబరు

మీమూన్,

నీ ఉత్తరం అందింది. భయపడకు. మీ బావ ఇప్పుడు బావిలోకి దిగడం లేదు. ఇంజను ఆగిపోయింది. ఎవరూ వెయ్యడం లేదు.

పంటకి నీళ్ళు లేవు. ఎండుతోంది. ఎండనీ అన్నావుగా.

ఇక్రామ్ బాగానే ఉంది. నాకు కాళ్ళు బాగోలేక ఇంట్లోనే ఉంటున్నాను. వాగు నీళ్ళు అదే తెస్తోంది. బూజియాన్ భార్య రొట్టె చేసి పంపుతోంది. మంచిది ఆమె, మనం అనుకున్నట్టు కాదు.

నువ్వు వేళకి తిను. ఎవరితోనూ గొడవ పెట్టుకోకు.

బావ ఏమీ అనలేదు.

తామో


తెతువాన్ జైలు
అక్టోబరు

అక్కా!

నీ ఉత్తరం వచ్చేదాకా నేను ముద్ద మింగలేదంటే నమ్ముతావా? ఖద్దూర్ ని అడుగు. చదివాక నీళ్ళలో నానబెట్టిన జైలు రొట్టె రెండు తిన్నాను. అల్లా గొప్పవాడు. పంట పోతే పోయింది, తలకాయలు నిలిచాయి. వచ్చే ఏడు నువ్వు చెప్పినట్టే బల్దీ వేద్దాం. ఒట్టు. జైలు గోడ మీద చెయ్యిపెట్టి చెప్తున్నాను.

నీ కాళ్ళకేమైంది? ఆలివ్ నూనె వేడిచేసి రాయి. ఇంట్లో కూచున్నావంటే నేను నమ్మలేకపోతున్నాను. నువ్వు ఒకచోట కూచోగా నేను పుట్టి చూళ్ళేదు. ఉత్తరం కూడా పొట్టిగా రాశావు. తిట్లు కూడా లేవు. నన్ను తిట్టకపోతే నాకు నిద్ర పట్టదని తెలుసుగా.

బావకి: బావా, ఏమీ అనలేదటగా! అలిగావా? నా ఇంజను కంటే నువ్వే నయం అనుకున్నాను, నువ్వూ ఆగిపోయావు. అక్కకి కాళ్ళు నొప్పట, రొట్టె పిండి నువ్వు పిసుకు. ముందు చేతులు కడుక్కో. ఆ బంక చేతుల్తో పిసికితే ఇంటిల్లిపాదీ హమ్మాదీ తాతలా గాడిదల్ని అనుమతి అడుగుతారు.

మీమూన్


అయిన్ లూజ్
నవంబరు

మీమూన్,

నూనె రాశాను. తగ్గుతోంది. ఇక్కడ మంచు మొదలైంది. పంట పూర్తిగా పోయింది. పై గట్టు మీద బల్దీ నాలుగు మోపులు వచ్చింది. బూజియానే కోసి పెట్టాడు.

నీ ఉత్తరం ఇక్రామ్ కి చదివి వినిపించాను. గాడిదల మాటకి నవ్వింది. చాలాసేపు నవ్వింది. ఇంకా రాయి.

తామో


తెతువాన్ జైలు
డిసెంబరు

అక్కా, సంతోషం!

మీలాద్ పండక్కి విడుదల చేసేవాళ్ళలో నా పేరుందట. గుమాస్తా చెవిలో చెప్పాడు. జనవరిలో నేను బయట ఉంటాను. సల్లాం ఏడుస్తున్నాడు, సంతోషానికో ఈర్ష్యకో తెలీదు. మేకపోతు వాసన లేకుండా ఎలా పడుకుంటానంటున్నాడు.

గేటు దగ్గరికి బావని పంపు. నువ్వు రావద్దు, నీ కాళ్ళు అంతంతమాత్రం, దారంతా మంచు. బావే రావాలి. ఒంటి నిండా కప్పే ఉన్ని జెల్లాబా ఒకటి తెమ్మను. నా బట్టలు చిరిగి పీలికలయ్యాయి, అలా చలికి బస్సెక్కలేను. ఇద్దరం కలిసి టౌన్లో వేడి వేడి చిక్కుడుగింజల చారు తాగి, దాని మీద నూనె పోయించుకుని, రొట్టె ముంచుకుని తింటాం. ఆయన మాట్లాడడు, నేను ఆపను. బాగా సాగుతుంది.

బావకి: లే బావా! పంట పోయిందని నాలుగు నెలల్నుంచీ పడుకున్నావా ఏంటి, ఒక్క మాట కూడా పంపలేదు. ఎంతసేపు పడుకుంటావ్? లేచి గేటు దగ్గరికి రా.

మీమూన్


అయిన్ లూజ్
జనవరి

మీమూన్,

కూచుని చదువు. పక్కన సల్లాంని కూచోబెట్టుకో.

మీ బావ లేడు. ఆగస్టులోనే పోయాడు. బావిలో పోయాడు.

ఆ మధ్యాహ్నం ఇంజను ఆగిపోయింది. "టీ పెట్టవే, చూసొస్తా" అని దిగాడు. టీ పెట్టాను. ఇక్రామ్ గట్టు మీద నుంచుని, నాన్నా టీ చల్లారిపోతోంది అని పిలుస్తోంది. పలకలేదు. ఆయన ఎప్పుడు పలికాడు గనక, అందుకే అది కంగారు పడలేదు. నేను వెళ్ళి చూసేసరికి చెక్కల మీద కూచుని, గోడకి తల ఆనించి ఉన్నాడు. బూజియాన్ మొహానికి తడిగుడ్డ కట్టుకుని దిగి, తాడు కట్టాడు. వాడు కూడా పైకొచ్చేసరికి సగం చచ్చి ఉన్నాడు. మీ బావ మొహం ఎర్రగా, ఎండలోంచి వచ్చి పడుకున్నవాడిలా ఉంది. పోయాడంటే నేను నమ్మలేదు. చెంపల మీద కొట్టాను. చాలా కొట్టాను.

నీ ఫోను మోగడం నాకు వినిపించింది. ఇంటినిండా ఆడవాళ్ళు, ఖురాను చదువుతున్నారు. ఎవరూ తియ్యలేదు. నీ ఉత్తరం వచ్చేసరికి మూడోనాటి భోజనాలు పెడుతున్నాం. ఇంజను ఆపించు, మిగతాది తర్వాత చదువు అని రాశావు. నేను మిగతాది కూడా అక్కడే నుంచుని చదివాను.

జైల్లో ఉన్నవాడికి చావు కబురు చెప్పకూడదని మన పెద్దవాళ్ళ మాట. మట్టి వెయ్యడానికి రాలేడు, పట్టుకుని ఏడవడానికి అయినవాళ్ళుండరు. అందుకని రాయలేదు. సల్లాం వాళ్ళమ్మ చేత కొడుక్కి కూడా చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. పాపం, ప్రతి నెలా నీ ఉత్తరం నా చేతికిచ్చేటప్పుడు ఆమె తల వంచుకునేది.

నా కాళ్ళకేమీ కాలేదు. తెల్లబట్టలు కట్టి కూచున్నాను. భర్త పోయినదాన్ని నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు కదా. ఖర్దాలా అప్పుడే పూతకొచ్చింది. రోజూ నీళ్ళడిగే మొక్క, పోసేవాడు లేడు, నేను బయటికి పోకూడదు. ఇల్లంతా నిమ్మకాయ వాసన. పలకరించడానికొచ్చిన పొరుగూరి ఆడవాళ్ళు ఏం అత్తరు పూశారమ్మా అని అడిగారు. కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. తలలు వాల్చింది, ఎండింది. నాకు సంతోషం వేసింది. అది చచ్చిపోతుంటే చూడ్డం తప్ప ఆ నాలుగు నెలలూ నాకు వేరే పని లేదు.

నిన్న తెల్లబట్టలు విప్పాను. ఇవాళ నీకు రాస్తున్నాను.

నీ మీద కోపం లేదని రాయను. ఉంది. ఆ పద్ధతి నువ్వు రాశావు, నా నోటితో నేనే చదివాను, రెండోసారి చదవమంటే రెండోసారీ చదివాను. ఎవరి మీద ఎంత కోపపడాలో నాకు తెలియడం లేదు. నిన్ను క్షమించానా అని మాత్రం ఇంటికొచ్చి అడగొద్దు. రొట్టె పెడతాను, పక్క వేస్తాను. అది అడగొద్దు.

ఊట మళ్ళీ రాలేదు. ఇన్ని మంచులు కురిసినా రాలేదు. నాలుగు ఇళ్ళవాళ్ళు తాళాలు వేసి పోయారు. నేను పోను. నా మనిషి ఇక్కడ మట్టిలో ఉన్నాడు, ఇక ఎలా పోతాను? బల్దీ చల్లుతాను. కొనేవాడొస్తే సరే, రాకపోతే సరే. నువ్వొచ్చాక ఇద్దరం రాళ్ళు మోసి ఆ బావి పూడ్చేద్దాం. ఇంజను లోపలే ఉంది. దాన్ని పైకి తీస్తానని దిగావంటే చంపేస్తాను. దాంతోపాటే పూడ్చేద్దాం.

గేటు దగ్గరికి ఎవరూ రారు. జెల్లాబా సల్లాం వాళ్ళమ్మ చేత పంపుతున్నాను. అది ఆయనదే. నీకు పొడుగవుతుంది, చేతులు మడుచుకో.

ఇంకొక్కటి. మొదట్లో పెద్దవాళ్ళ మాట కోసం దాచాను. తర్వాత దానికోసం కాదు. తండ్రి పోయాక ఇక్రామ్ నవ్వడం మానేసింది. అక్టోబరులో నీ ఉత్తరం చదువుతుంటే, 'బావకి' అన్న దగ్గర దగ్గరికి జరిగి కూచుంది. రొట్టె పిండి, గాడిదలు అన్నచోట నవ్వింది. దానికి అన్నీ తెలుసు, గట్టు మీద నుంచున్నది అదే. అయినా మామయ్య నాన్నతో మాట్లాడుతున్నాడు, ఇంకోసారి చదవమ్మా అంది. ఆ కాసేపూ ఈ ఇంట్లో ఆయన ఉన్నాడు. నీకు నిజం చెప్తే ఆ ముక్క ఆగిపోతుందని చెప్పలేదు. డిసెంబరు ఉత్తరంలోది మాత్రం దానికి చదవలేదు. అది నేను చదవలేకపోయాను.

మామయ్యకి నిజం రాసేస్తున్నానని ఇవాళ చెప్పాను. "అయితే ఇక నాన్నకి రాయడా?" అంది. జవాబు నువ్వే ఇవ్వు.

తామో


తెతువాన్ జైలు
జనవరి, మీలాద్ ముందురోజు

తామో అక్కకి,

చదివాను. సల్లాం పక్కనే ఉన్నాడు. ఖద్దూర్ కూడా.

రేపు వదులుతున్నారు. ఈ ఉత్తరం నాకంటే ముందు వస్తుందో, నేనే ముందు వస్తానో. నువ్వు అడగొద్దన్నది అడగను. రాళ్ళు నేను మోస్తాను, నువ్వు మొయ్యొద్దు.

ఇక్రామ్ అడిగింది కాబట్టి రాస్తున్నాను. రాసి చింపాను, మళ్ళీ రాశాను.

బావకి: బావా, సలాం. నీ జెల్లాబా తొడుక్కున్నాను. అంచు నేల ఊడుస్తోంది, గదిలో అందరూ ఇమాం గారొచ్చారు, లేవండ్రా అని వెక్కిరించబోయి ఆగిపోయారు. జేబులో చెయ్యి పెడితే సగం కొరికిన ఎండు అంజీరు దొరికింది. అక్క జేబులు చూడకుండా పంపినట్టుంది. మిగతా సగం నేను తినేశాను. నిన్ను అడగకుండా తిన్నాను బావా. గట్టిగా తిట్టు.

మీమూన్